ఆమెకు చూపించని మొదటి అచ్చు

మెక్సికో నుంచి వచ్చిన ఆ నలుగురూ తాము వేసిన ఏ బొమ్మ మీదా సొంత పేరు పెట్టుకోరు. ఆ సంగతి మొదటిరోజే చెప్పారు. కలిసి గీస్తాం, కలిసి చెక్కుతాం, కలిసి అచ్చు వేస్తాం, కింద బృందం ముద్ర ఒక్కటే ఉంటుంది అన్నారు. నాకది వింతగా తోచింది. ఇంజనీరింగులో రికార్డు పుస్తకం అట్ట మీద కూడా పేరును రంగు పెన్నులతో ముగ్గులా అలంకరించుకున్న మనిషిని నేను.

జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో అది నా రెండో చలికాలం. మనవాళ్ళు సెమిస్టరుకో గుంపుగా దిగుతున్న రోజులు. వాట్సాప్ గ్రూపు తెరిస్తే చాలు, ఆఫీసు అపాయింట్‌మెంటుకి టెర్మిన్ దొరికిందా, అడ్రసు నమోదు చేసే ఆన్‌మెల్డుంగ్ అయిందా, ఎక్కడైనా ఒక్క బెడ్ ఖాళీ ఉందా అని ఒకటే గోల. విజయవాడలో కాలేజీ టాపర్‌ని నేను. ఇక్కడ రెండు పరీక్షలు పోయాయి, మూడోదానికి పేరివ్వడం వాయిదా వేస్తూ వచ్చాను. ప్రొఫెసర్ నావైపు చూస్తే తల దించుకుని బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటించేదాన్ని. అలాంటప్పుడు యూనివర్సిటీ క్యాంటీన్ గోడ మీద ఒక కాగితం కనిపించింది. మెక్సికో నుంచి అచ్చుబొమ్మల బృందం వస్తోంది, రెండు వారాలు పాత ఫ్యాక్టరీ షెడ్డులో పని నేర్పుతారు, ఎవరైనా రావచ్చు, మధ్యాహ్న భోజనం ఉంటుంది. ఆ భోజనం అన్న మాట చూసే వెళ్ళాను. కళ మీద ప్రేమతో వెళ్ళానని ఇప్పుడు కోతలు కోయను.

నలుగురిలో పెద్దావిడే నాయకురాలు, వాళ్ళకి నాయకులు లేరని వాళ్ళే అంటున్నా సరే. పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో నల్లసిరా ఎప్పటికీ పోనట్టు దిగిపోయి ఉండేది. ఇంగ్లీషు తక్కువ మాటల్లో, తడుముకోకుండా మాట్లాడేది. వాళ్ళ ఊళ్ళో పొలాలు లాక్కున్నప్పుడు, ఇంట్లోంచి వెళ్ళిన మనుషులు తిరిగి రానప్పుడు, పత్రికలు నోరు మూసుకుంటే గోడలు మాట్లాడాలని మొదలుపెట్టారట ఈ పని. ఖరీదైన కాన్వాసులు కాదు. నేల మీద పరిచే లినోలియం ముక్క ఒకటి, చిన్న ఉలి ఒకటి, రోలరు, సిరా. చెక్కిన చోట తెల్లగా వస్తుంది, వదిలిన చోట నల్లగా వస్తుంది. కాగితం పరిచి చెంచా వెనకవైపుతో రుద్దినా అచ్చు పడుతుంది. ఒక్క పలక నుంచి వంద కాగితాలు, వంద గోడలు.

చెక్కడం నాకు వెంటనే పట్టుబడింది. ఎందుకో తెలియదు. అద్దంలో చూసినట్టు అంతా తిరగేసి ఆలోచించాలి, అది నాకు సరదాగా ఉండేది. జిగురు దగ్గరైతే నేనే గురువుని. మా మేనమామ సినిమా హాల్లో పనిచేసేవాడు, వాల్‌పోస్టర్లకి మైదాపిండి లై మా పెరట్లోనే ఉడికేది. ఉండకట్టకుండా నీళ్ళు ఎప్పుడు పోయాలో, ఎప్పుడు దించాలో నాకు చిన్నప్పుడే తెలుసు. ఎలకలు నాకకుండా మైలుతుత్తం కలుపుతారని చెబితే మెక్సికో వాళ్ళు పగలబడి నవ్వారు, వాళ్ళ దగ్గర కూడా ఎలకల బాధ ఉందట. పెద్దావిడ నా భుజం తట్టి, 'నువ్వు మా మనిషివి' అంది. ఏడాదిన్నరలో ఆ దేశంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదే మొదటిసారి. నేను ఎంత పొంగిపోయానంటే, ఇంటికెళ్ళే బస్సులో నా నవ్వు చూసి ఎదురుసీటు ముసలాయన కూడా నవ్వాడు.

వాళ్ళకి ఇంకో ఆచారం ఉంది. బొమ్మలో నిజం మనిషి ఎవరైనా ఉంటే, మొదటి అచ్చు ఆ మనిషికి ఇస్తారు. ఇంటికి తీసుకుపోయి చూసుకుని, సరే అంటేనే మిగతా అచ్చులు. వద్దంటే ఆ పలకను మూలన పడేస్తారు, ఎంత బాగా వచ్చినా సరే. వాళ్ళ ఊళ్ళోని షెడ్డులో అలా పడేసిన పలకలు ఓ గుట్ట ఉన్నాయట. అది చెబుతున్నప్పుడు పెద్దావిడ గొంతులో బాధ లేదు, గర్వమే ఉంది.

ఇక అక్క సంగతి. సొంత అక్క కాదు. వరంగల్ వైపు మనిషి, నాకంటే ఆరేళ్ళు పెద్ద, అదే యూనివర్సిటీలో థీసిస్ దగ్గర ఆగిపోయింది. ఒకే ఫ్లాట్‌లో చెరో గది, వంటిల్లు ఒక్కటే. నేను దిగిన రోజు స్టేషన్‌కి వచ్చింది ఆమే, ఆన్‌మెల్డుంగ్‌కి తోడొచ్చింది ఆమే, మొదటి పరీక్ష పోయిన రోజు పప్పుచారు కాచి పక్కన కూర్చున్నదీ ఆమే. పొద్దుటిపూట స్టేషన్ దగ్గర ఒక హోటల్లో గదులు శుభ్రం చేసేది. ఆ హోటల్లోనే రిసెప్షన్‌లో ఒక చోటు ఖాళీ అవుతోంది. మేనేజర్ ఆమెను పిలిచి మాట్లాడాడు, జర్మన్ బాగుందన్నాడు, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కౌంటర్లో పెట్టుకుంటామన్నాడు. కాగితం మీద ఇంకా ఏదీ రాలేదు. ఆ సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది. ఆదివారాలు వంటింట్లో నేను గెస్టుని, ఆమె రిసెప్షనిస్టు. నేను కావాలని చిరాకు గెస్టులా వేడినీళ్ళు రావట్లేదని, పక్కగదిలో కుక్క మొరుగుతోందని సతాయిస్తే, ఆమె ఒక్క మాట తడబడకుండా జర్మన్‌లో సర్దిచెప్పి చివర్లో తెలుగులో తిట్టేది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎలా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. తెలియదని అనడానికి లేదు.

ఓ సాయంత్రం టీ పెడుతూ చెప్పింది. హోటల్లో క్లీనింగ్ వాళ్ళు గెస్టుల కంట పడకూడదట. కారిడార్‌లో అడుగుల చప్పుడు వినిపిస్తే దుప్పట్లు దాచే చిన్నగదిలోకి దూరి తలుపు దగ్గరికి వేసుకోవాలి, వాళ్ళు వెళ్ళాక బయటికి రావాలి.

"నిన్న ఒకామె లిఫ్ట్ కాడ ఫోన్ మాట్లాడుకుంట నిలబడ్డది. పావుగంట నేను దుప్పట్లల్లనే. మంచిగ కునుకు తీసిన," అని నవ్వింది అక్క.

నేనూ నవ్వాను. కానీ ఆ క్షణంలోనే నా బుర్రలో బొమ్మ తయారైపోయింది. సగం తెరిచిన తలుపు, అరల నిండా తెల్లటి దుప్పట్ల మడతలు, మధ్యలో నల్లగా ఒక మనిషి, చేతిలో మాప్ కర్ర. నలుపూ తెలుపూ ఎవరో కోరి కుదిర్చినట్టు కుదిరాయి. ఆమె నవ్వుతూ చెప్పిందని నాకు గుర్తే, కానీ నా బొమ్మలో నవ్వుకి చోటు దొరకలేదు.

వారం రోజులు చెక్కాను. క్లాసులు ఎగ్గొట్టాను. అక్క ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గీత ఉంది, చిన్నప్పుడు గడప తగిలిన దెబ్బ, అక్కడ వెంట్రుకలు రావు. అది ఎడమవైపే రావాలంటే పలక మీద కుడివైపు చెక్కాలి. ఒక్క గీత, ఉలితో ఒకే ఒక్క తోపు. అది పడగానే పలకలోంచి అక్క నావైపు చూసినట్టయింది. కింద జర్మన్ అక్షరాలు కూడా తిరగేసి చెక్కాను: అతిథులు వస్తున్నారు, తలుపు వేసుకో.

వాళ్ళ పద్ధతి ప్రకారం అచ్చును తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీసి అందరూ మాట్లాడతారు. గీసినవాళ్ళు నోరెత్తకూడదు. బృందంలో ఒకతను, మొహం మరీ ఒక్క మనిషిలా ఉంది, ఆ కనుబొమ్మ మీది గీత తీసేస్తే ఎవరైనా కావచ్చు కదా అన్నాడు. నోరెత్తకూడదన్న నియమం మరిచి, తియ్యను అన్నాను. దాని బలమంతా అందులోనే ఉందని వాదించాను. మిగతావాళ్ళు నా వైపే మొగ్గారు. పెద్దావిడ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, దాన్ని కిందకి దించి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది.

"ఆమెకివ్వు. రేపు చెప్పు ఏమందో," అంది.

ఇంటికెళ్ళేసరికి అక్క వంటింట్లో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. రిసెప్షన్ కోసం ముందే కొనిపెట్టుకుంది. కాలరు మూలలు వేలితో సవరించి మరీ రుద్దుతోంది.

"చేతిల ఏందే అది?"

"క్లాసు చార్ట్ అక్కా."

అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. గదిలోకెళ్ళి ఆ చుట్టను బీరువా వెనక్కి తోశాను. ఇస్త్రీ అయ్యాక చూపిద్దామనుకున్నాను, తర్వాత తిన్నాక అనుకున్నాను, తర్వాత ఆమె అలసిపోయి ఉందిలే అనుకున్నాను. అసలు మాట వేరు. చూపిస్తే వద్దంటుంది. ఉద్యోగం చేతికొచ్చే ముందు ఇదేం గోల అంటుంది. వద్దంటే నా పలక మూలకి పోతుంది. ఆ దేశంలో నేను బాగా చేసిన పని అదొక్కటే, దాన్ని వదులుకునే గుండె నాకు లేకపోయింది.

మర్నాడు పెద్దావిడ అడిగింది. "చూసిందా?"

"చూసింది."

"ఏమంది?"

"బాగుందంది."

"ఏదీ మార్చమనలేదా?"

"లేదు."

ఆమె మొహం ఎంత విప్పారిందంటే నేను రోలరు తుడిచే వంకతో తల తిప్పుకున్నాను. శనివారం పోస్టర్లు గోడకి అంటించేటప్పుడు ఆమెను కూడా రమ్మను అంది. డ్యూటీ ఉందన్నాను. ఆ రోజు మొత్తం మీద నేను చెప్పిన నిజం అదొక్కటే.

పోస్టర్లకి మునిసిపాలిటీ వాళ్ళు ఇచ్చిన చోటు స్టేషన్ దగ్గర భవనం కడుతున్న స్థలం చుట్టూ వేసిన చెక్క కంచె. ఆ కంచె ఎదురుగా రోడ్డు, రోడ్డుకి అవతల అక్క పనిచేసే హోటల్. ఈ సంగతి నాకు బుధవారమే తెలుసు. ఆమె వెనక గుమ్మంలోంచి బస్సుకి పోతుందిలే, ఇటు రాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. వస్తుందని నాకు లోపల తెలుసు.

శనివారం పొద్దున్నుంచి అంటించాం. నా లై బాగా కుదిరింది. అందరి బొమ్మలూ ఉన్నాయి, ఇళ్ళ అద్దెల మీద ఒకటి, ఎండిపోయిన నది మీద ఒకటి. నాది మాత్రం పది కాగితాలు వరసగా అంటించారు, పది తలుపులు, పది మంది అక్కలు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒకాయన ఫోటో తీసుకున్నాడు. కింద నా పేరు లేదే అని ఒక్క క్షణం దిగులు కూడా వేసింది, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మధ్యాహ్నం షిఫ్టు అయిపోయి అక్క రోడ్డు దాటి వచ్చింది, తోటి పనివాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళతో. ముందు వాళ్ళిద్దరూ చూశారు. ఒకామె నవ్వి అక్క కనుబొమ్మ మీద వేలు పెట్టింది. అక్క నవ్వలేదు. మొదటి కాగితం చూసింది, రెండోది చూసింది, పదోదాకా ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచింది. నేను లై బకెట్టు పట్టుకుని అక్కడే ఉన్నాను. తల కొట్టేసినట్టయింది.

అంతలో పెద్దావిడ ఆమెను గుర్తుపట్టేసింది. గుర్తుపట్టక ఏం చేస్తుంది, అంత శ్రద్ధగా చెక్కాను కదా. సిరా చేతులు చాచి వెళ్ళి అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే కదా. మాకు అనుమతి ఇచ్చినందుకు థాంక్స్. ధైర్యం ఉన్నదానివి," అంది ఇంగ్లీషులో.

అక్క నావైపు చూసింది. ఎంతోసేపు కాదు, రెప్పపాటు. ఆమెకు అంతా అర్థమైపోయింది. ఒక్క మాట చాలు నా బతుకు అక్కడ బజారున పడటానికి. ఆమె పెద్దావిడ వైపు తిరిగి, "థాంక్యూ, బాగుంది," అని ఇంగ్లీషులో చెప్పి, చేతులు మెల్లగా విడిపించుకుని, బస్టాపు వైపు వెళ్ళిపోయింది. నేను వెంటపడి వెళ్ళలేదు. బకెట్టులో లై మిగిలి ఉందని వంక దొరికింది.

ఆ రాత్రీ, ఆదివారమూ మేమిద్దరం వంటింట్లో ఎదురుపడలేదు. ఆమె తలుపు వేసి ఉంది, నేను కొట్టలేదు. ఆదివారమే మెక్సికో వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళకీ నిజం చెప్పలేదు. పెద్దావిడ కౌగిలించుకున్నప్పుడు నా ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయింది. చలి అనుకుందేమో పాపం, తన మఫ్లర్ నా మెడకి చుట్టింది.

సోమవారం అక్క పని నుంచి వచ్చి వంటింట్లో కూర్చుంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"మేనేజర్ పిలిచిండు," అంది. "బొమ్మల ఉన్నది నువ్వేనా అన్నడు. నేనే అన్న. ఎవలు గీసిన్రు అన్నడు."

"చెప్పావా?"

"నేనే గీసిన అని చెప్పిన."

కింద ఎవరి పేరూ లేదు కనక ఆ మాట కాదనడానికి ఎవరికీ వీల్లేదు.

"నా పేరు చెప్పాల్సింది అక్కా. నువ్వెందుకు మీదేసుకున్నావ్?"

"నీకోసం అనుకుంటున్నవా?" అంది. గొంతు పెంచలేదు. "మా ఇంట్ల పిల్ల, నాకు చెప్పకుంట నన్ను గీసి గోడకు అంటిచ్చింది అని చెప్పాల్నా? గంత బేకారు ముచ్చట చెప్పుడు కంటే నేనే గీసిన అనుడు నయం. ఎవలో గీస్తె పడి ఉన్నదాన్ని కాదు నేను."

రిసెప్షన్ చోటు ఇంకొకరికి ఇచ్చారు. పనిలోంచి తీసెయ్యలేదు. మేనేజర్ చాలా మర్యాదగా, కౌంటర్లో నిలబడే మనిషికి హోటల్ మీద నమ్మకం ఉండాలి కదా అన్నాడట. రేపే వెళ్ళి గీసింది నేనని చెబుతాను అన్నాను. "పోతవా?" అంది. ఆ ఒక్క మాటే. పొడిచినట్టు లేదు, నిజంగానే అడిగినట్టు ఉంది. నేను వెళ్ళలేదు. ఆ గురువారమే నా వీసా పొడిగింపు టెర్మిన్, ఈ గొడవల్లో నా పేరు వినిపిస్తే ఏమవుతుందో అని భయపడ్డాను. ఏమీ అయ్యేది కాదు. ఒక బొమ్మ గీసినందుకు ఎవరి వీసా పోతుంది? అది నాకు అప్పుడూ తెలుసు.

ఆమె రెండు నెలల తర్వాత ఆ హోటల్ మానేసి ఇంకోచోట చేరింది. అక్కడా గదులే. నాతో మాట్లాడటం మానెయ్యలేదు, అదే నాకు కష్టంగా ఉండేది. ఉప్పు ఉందా, తాళం పెట్టుకున్నావా, పరీక్ష ఎట్లైంది అని అడిగేది. నా పరీక్షలు గట్టెక్కాయి. మరుసటి ఏడాది నా థీసిస్ అయింది, బ్యోబ్లింగెన్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగం మీద ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు చేతికొచ్చింది. ఫ్లాట్ ఖాళీ చేసే పొద్దున, వంటింట్లో ఆమె పచ్చిమిరపకాయలు తరుగుతుంటే, ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"ఆ రోజు అచ్చు ఇంటికి తెచ్చాను అక్కా. నువ్వు ఇస్త్రీ చేస్తున్నావు. చూపిస్తే వద్దంటావని చూపించలేదు. నన్ను క్షమించు."

ఆమె కత్తి ఆపింది.

"వద్దంట అని నీకెవలు చెప్పిన్రు?"

"ఉద్యోగం పోతుందని భయపడతావనుకున్నాను."

"ఒక్క నెల ఆగు అందును," అంది అక్క. "ఒకటో తారీఖు అయిపోని, కాగితం మీద సంతకం పడని అందును. కౌంటర్ల నిలబడ్డంక నేనే వచ్చి అంటిద్దును నీతోని. ఆ దుప్పట్లల్ల దూరెటోళ్ళం పదకొండు మందిమి ఉంటిమి. అందర్ని తీస్కొని వద్దును."

ఆమె మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. దారిలో తినడానికి పులిహోర కట్టి ఇస్తానంది, వద్దంటే వినలేదు.

ఆమె పిరికిది అనుకున్నాను నేను. అలా అనుకుంటేనే నా పని జరుగుతుంది కనక అనుకున్నాను. చూపిస్తే ఆమె అడిగి ఉండేది ఒక్క నెల, ఆ నెల అడగడానికి కూడా నేను ఆమెకు నోరు లేకుండా చేశాను.